చిన్నపిల్లలతో సిటీ బస్సు, మెట్రో, లోకల్ రైలు ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

చంటిబిడ్డల దగ్గర్నుంచి ఆరేడేళ్ల పిల్లల దాకా వెంటబెట్టుకుని రోజూ బస్సో రైలో ఎక్కే తల్లిదండ్రులు, అమ్మమ్మలు, తాతయ్యలు అడిగే ప్రశ్నలివి. బండి కదులుతున్నంతసేపూ పిల్లల గురించి నాకు పెద్దగా దిగులుండదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, బండి కోసం నిలబడినప్పుడు మాత్రం ఒళ్లంతా కళ్లు చేసుకుంటాను. అందుకే ఆ ప్రశ్నల దగ్గర జవాబులు పొడుగ్గా ఉంటాయి, మిగతాచోట్ల రెండు ముక్కల్లో తేల్చేశాను.

ఎన్నో నెల నుంచి బిడ్డను బస్సు, రైలు ఎక్కించవచ్చు?

మామూలుగా రవాణా సంస్థలు వయసు అడ్డం పెట్టవు. ఆస్పత్రి నుంచి బిడ్డను బస్సులోనే ఇంటికి తెచ్చుకునేవాళ్లు బోలెడుమంది. ఆలోచించాల్సింది బండి గురించి కాదు, అందులో కిక్కిరిసిన జనం గురించి. మొదటి రెండు మూడు నెలల్లో బిడ్డకు జబ్బును తట్టుకునే శక్తి తక్కువ, టీకాలు కూడా అప్పుడప్పుడే మొదలవుతాయి. మూడు నెలల లోపు బిడ్డకు ఒళ్లు 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారన్‌హీట్) దాటిందంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. అంచేత ఆ వయసులో అవసరమైన ప్రయాణాలే పెట్టుకోండి, అవి కూడా జనం పలచగా ఉండే వేళ. ముద్దొచ్చి బుగ్గలు నిమరబోయే ముసలావిడకు నవ్వుతూనే అడ్డు చెప్పండి. ఆవిడ ఏమనుకుంటుందోనని మొహమాటపడకండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే ముందు డాక్టర్ని అడగండి.

స్ట్రోలర్ (పిల్లను కూర్చోబెట్టి తోసే బండి) తీసుకెళ్లాలా, బేబీ క్యారియరా (బిడ్డను ఒంటికి కట్టుకునేది)?

ఏడాది లోపు బిడ్డ, ఎక్కేది రద్దీ బస్సు, దారిలో మెట్లు. ఇలాగైతే క్యారియరే, రెండో ఆలోచన వద్దు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, ఒక చేత్తో కమ్మీ పట్టుకోవచ్చు.

బరువు పెరిగిన పిల్ల, చేతిలో సామాను, దారంతా లిఫ్టులున్న మెట్రో అయితే స్ట్రోలర్ సుఖం. కానీ దుకాణంలో ముచ్చటపడి కొన్న పెద్ద స్ట్రోలర్ ఇంటి చుట్టూ తిప్పడానికే. బస్సుకు కావాల్సింది ఒంటిచేత్తో మడవగలిగేది, భుజాన తగిలించుకుని మెట్లెక్కగలిగేంత తేలికైనది. కొనే ముందు ఒక చంకలో బరువైన సంచి పెట్టుకుని, రెండో చేత్తో దాన్ని మడిచి చూడండి. మడవలేకపోతే వదిలేయండి. మీ స్టాపులో కూడా మీ పరిస్థితి సరిగ్గా అదే. బస్సులో రద్దీ పెరిగినా, చక్రాల కుర్చీలో ఎవరైనా వచ్చినా స్ట్రోలర్ మడవమంటారు. అలా అడగడం న్యాయమే.

రెండేళ్లు దాటిన పిల్లల విషయంలో ఒక చిక్కుంది. పొద్దున ఉత్సాహంగా నడుస్తారు, సాయంత్రం ఎత్తుకోమని కాళ్లకు చుట్టుకుంటారు. తిరిగొచ్చే దారిలో ఎంత నడవగలరో చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి.

క్యారియర్‌లో బిడ్డకు ఊపిరి సరిగ్గా ఆడుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

బిడ్డ ముఖం మీకు ఎప్పుడూ కనబడుతుండాలి. తల వంచితే నుదురు ముద్దుపెట్టుకునేంత దగ్గరగా ఉండాలి. గడ్డానికీ రొమ్ముకూ మధ్య కనీసం వేలు దూరేంత ఖాళీ ఉండాలి, వీపు కుంగిపోకూడదు. గడ్డం రొమ్ముకు ఆనుకుపోతే చంటిబిడ్డకు గాలి దారి మూసుకుపోతుంది, ఏడవడానికి కూడా ఊపిరి ఉండదు. అలాంటప్పుడు చప్పుడు లేకపోతే నిద్రపోయిందనుకుంటాం. అసలు ప్రమాదం అక్కడే ఉంది. నాలుగు నెలల లోపు పిల్లలకు, గుడ్డతో వదులుగా కట్టే రకాల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. జనం ఒత్తుకుంటున్న బోగీలో ప్రతి స్టాపు దగ్గరా ఒకసారి తల వంచి చూడండి.

నిలబడి ఉంటే ఒక చెయ్యి కమ్మీ మీద, రెండోది బిడ్డ తల వెనక. బ్రేకు పడినప్పుడు ఎవరి మోచెయ్యో సంచో తగిలేది బిడ్డ తలకే.

స్ట్రోలర్ మీద ఎండ పడకుండా గుడ్డ కప్పవచ్చా?

వద్దు. పలచటి గుడ్డయినా లోపల గాలి ఆడక వేడి పెరుగుతుంది, బిడ్డ కూడా మీకు కనబడదు. స్ట్రోలర్ టాపు వాల్చండి, లేదా నీడ పడే వైపు కూర్చోండి. పొద్దున దక్షిణానికి వెళ్లే బండిలో ఎండ ఎడమవైపు పడుతుంది, సాయంత్రం కుడివైపు. ఉత్తరానికైతే తారుమారు. ఈ లెక్క ఎక్కే ముందే వేసుకుంటే కూర్చున్నాక సీటు మారే బాధ తప్పుతుంది.

స్ట్రోలర్‌తో బండి ఎక్కడం, దిగడం ఎలా?

రైలుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య సందు ఉంటుంది. ఏటవాలుగా తోస్తే ముందున్న చిన్న చక్రం ఆ సందులోకి తిరిగి ఇరుక్కుంటుంది. అందుకని తలుపుకు ఎదురుగా నిలబడి నేరుగా తోయండి, హ్యాండిల్ కొంచెం కిందికి నొక్కి ముందు చక్రాలు పైకి లేపి లోపల పెట్టండి. దిగేటప్పుడు మీరు వెనక్కి నడుస్తూ ముందు పెద్ద చక్రాలు దించితే ఇంకా సులువు. వెనక ఎవరున్నారో ఒకసారి చూసుకోండి.

బస్సులో స్ట్రోలర్‌కు, చక్రాల కుర్చీకి కేటాయించిన చోటు ఉంటే, అక్కడి మెత్తటి పలకకు స్ట్రోలర్ వీపు ఆనేలా నిలబెట్టండి. సాధారణంగా బిడ్డ ముఖం బస్సు వెనకవైపుకు ఉంటుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు స్ట్రోలర్ ఆ పలకకు ఒత్తుకుని ఆగుతుంది, ముందుకు దూసుకుపోదు. బ్రేకు వేశాక కూడా చెయ్యి తీయకండి. లోపల బిడ్డకు బెల్టు పెట్టి ఉండాలి. హ్యాండిల్‌కు సంచులు తగిలించి బిడ్డను ఎత్తుకున్నారా, స్ట్రోలర్ వెనక్కి తిరగబడుతుంది. అందరికీ తెలిసిందే, అయినా అందరం చేస్తాం.

తలుపులు మూసుకుంటున్నప్పుడు స్ట్రోలర్‌ను అడ్డం పెట్టి ఆపుదామని చూడకండి. తలుపులకు సెన్సర్లు ఉన్నా సన్నటి పట్టీ, బట్ట కొస, చిన్న వేలు వాటికి దొరక్కపోవచ్చు. ఆ బండి పోనివ్వండి.

ప్లాట్‌ఫారం మీద పిల్లల్ని ఎక్కడ నిలబెట్టాలి?

పసుపు గీతకు బాగా ఇవతల, గోడ దగ్గరో స్తంభం దగ్గరో. చాలా స్టేషన్లలో అంచు దగ్గర బుడిపెల పలకలు పరిచి ఉంటాయి. చూపులేనివాళ్ల కోసం జపాన్‌లో సెయీచి మియాకె 1965లో వాటిని తయారుచేశారు. 1967లో ఒకయామా నగరంలో మొదటిసారి పరిచారు, అక్కడి నుంచి ప్రపంచమంతా పాకాయి. పిల్లలకు కూడా అవి బాగా పనికొస్తాయి. గీత దాటొద్దని చెబితే రెండేళ్ల పిల్లకు ఎక్కదు. కాలికి బుడిపెలు తగిలితే వెనక్కి రావాలని నేర్పితే ఆటలా పట్టేసుకుంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు చెయ్యి పట్టుకుని ఆ పలకల మీద రెండడుగులు వేయించి, "ఇదిగో, ఇది తగిలిందంటే ఆగాలి" అని అరికాలితో తెలిసేలా చేయండి.

ప్లాట్‌ఫారాలు చూడటానికి చదునుగా ఉన్నా నీళ్లు పోవడానికి కొద్దిగా వాలు పెడతారు. కొన్నిచోట్ల ఆ వాలు పట్టాల వైపే ఉంటుంది. స్ట్రోలర్ బ్రేకు వేయకుండా ఫోన్ కోసం సంచిలో చెయ్యి పెడితే చాలు, అది తనంతట తాను దొర్లుతుంది. ఆగిన ప్రతిసారీ బ్రేకు వేయండి, స్ట్రోలర్‌ను పట్టాలకు ఎదురుగా కాకుండా వాటి వెంబడి తిప్పి నిలపండి. ఆగకుండా దూసుకుపోయే రైలు లేపే గాలి ఖాళీ స్ట్రోలర్‌ను కదిలించగలదు.

పిల్లల వస్తువేదైనా పట్టాల మీద పడితే దిగకండి, పిల్లల్ని దిగనివ్వకండి. స్టేషన్ సిబ్బందికి చెప్పండి.

ఎస్కలేటర్ మీద స్ట్రోలర్ తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లకూడదు. లిఫ్టు ఎంత దూరమున్నా అటే వెళ్లండి. లిఫ్టు పాడైతే బిడ్డను ఎత్తుకుని, స్ట్రోలర్ మడిచి, మెట్ల మీద నుంచి వెళ్లండి. పక్కవాళ్లను సాయం అడిగితే స్ట్రోలర్‌ను వాళ్ల చేతికివ్వండి, బిడ్డను కాదు.

నడిచే పిల్లలతో ఎస్కలేటర్ ఎక్కితే చెయ్యి పట్టుకుని మెట్టు మధ్యలో నిలబెట్టండి. పక్క గోడకూ మెట్టుకూ మధ్య సన్నటి సందు ఉంటుంది. చెప్పు అంచు, లంగా కొస, జారిన లేసు అందులోకి లాక్కుపోతుంది. మెత్తటి రబ్బరు చెప్పులతో మరీ జాగ్రత్త. పాదాన్ని మెట్టు పక్కకు ఆనించి రుద్దడం పిల్లలకు సరదా, కానీ ఆ రబ్బరు పక్క గోడకు అతుక్కుని కాలివేళ్లతో సహా లోపలికి పోయిన సంఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి. చివర మెట్లు దువ్వెన పళ్లలాంటి పలక కిందికి దూరేచోట పిల్లను కొంచెం ఎత్తి దాటించండి. పైనా కిందా ఎర్ర బొత్తాం ఎక్కడుందో ఎక్కేటప్పుడే చూసుకోండి. ఏదైనా ఇరుక్కుంటే లాగుతూ కూర్చోకుండా, బొత్తాం నొక్కమని గట్టిగా కేకేయండి.

బస్సు మెట్ల దగ్గర ఎవరు ముందు?

ఎక్కేటప్పుడు పిల్ల ముందు, మీరు వెనక. తూలితే మీ మీద పడుతుంది. దిగేటప్పుడు మీరు ముందు, చెయ్యి వదలకుండా పిల్ల వెనక. ఇద్దరు పెద్దవాళ్లు ఉంటే ఒకరు ముందు, ఒకరు ఆఖరున, పిల్లలు మధ్యలో. రైలు తలుపు దగ్గరైతే పక్కపక్కనే, ఒకేసారి. మూడేళ్ల లోపు పిల్లయితే ఎత్తుకోండి, ఈ గొడవంతా ఉండదు.

స్టాపు వచ్చేదాకా కూర్చుని, బండి పూర్తిగా ఆగాక లేవండి. "దిగేది ఉంది, పిల్లలున్నారు" అని డ్రైవరుకో కండక్టరుకో ముందే వినబడేలా చెబితే ఆగుతారు. ఆగకపోతే తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడవడమే. కదిలే బస్సులోంచి పిల్లతో దిగేంత అర్జెంటు పని ఏదీ ఉండదు.

బస్సులో ఏ సీటు మంచిది?

ముందుకు చూసే సీటు, దాని ఎదుట ఇంకో సీటు వీపు ఉండాలి. ఎదురుగా ఏ అడ్డూ లేని సీట్లు, అంటే తలుపు వెనక మొదటి సీటు, ఆఖరి వరుసలో నడిదారికి ఎదురుగా ఉండే మధ్య సీటు, పిల్లలకు పనికిరావు. బ్రేకు పడితే ఆపేది ఏమీ ఉండదు, నున్నటి ప్లాస్టిక్ సీటు మీద పిల్ల నేరుగా ముందుకు జారిపోతుంది. వెనక చక్రాల వెనకున్న వరుసల్లో కుదుపు ఎక్కువ, కాబట్టి మధ్య భాగం మేలు.

పిల్లను కిటికీ వైపు కూర్చోబెట్టి మీరు నడిదారి వైపు కూర్చోండి. కిటికీ తెరుచుకునే రకమైతే చెయ్యీ తలా బయటపెట్టనివ్వకండి. ఎదుటి సీటు వీపు సందులో, జరిపే కిటికీ అద్దం దగ్గర, మడత తలుపుల మధ్య చిన్న వేళ్లు ఇరుకుతాయి. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే రెండు చేతులూ నడుం చుట్టూ వేసి పట్టుకోండి. ఫోన్ అప్పుడు సంచిలోనే.

నిలబడక తప్పనప్పుడు పిల్లను తలుపు దగ్గరా, డ్రైవరు పక్కన అద్దం దగ్గరా నిలబెట్టకండి. సీటు పక్కకో అడ్డగోడకో ఆనించి, మీ రెండు కాళ్ల మధ్య నిలుపుకోండి. పై కమ్మీ పిల్లకు అందదు కాబట్టి నిలువు కమ్మీయో, సీటు పక్కనుండే పిడియో పట్టించండి.

కారులో పిల్లల సీటు తప్పనిసరి అంటారు, మరి బస్సులో?

సిటీ బస్సుల్లో, మెట్రోల్లో వాటిని బిగించడానికి సాధారణంగా ఏర్పాటే ఉండదు. బస్సు బరువెక్కువ, ఊళ్లో వేగం తక్కువ, అందుకే దెబ్బ తీవ్రత కారులోలా ఉండదు. కానీ ప్రయాణం చివర టాక్సీ ఎక్కుతుంటే అక్కడ లెక్క మారుతుంది. ఒళ్లో పట్టుకున్న బిడ్డను కారు గుద్దుకున్నప్పుడు ఎంత బలవంతుడైనా చేతులతో ఆపలేడు.

పిల్లలకు టికెట్ తీసుకోవాలా?

కొన్ని సంస్థలు వయసు చూస్తాయి, కొన్ని ఎత్తు చూస్తాయి. ఎత్తు చూసేచోట గేటు దగ్గర గోడకు గీత గీసి ఉంటుంది. మీ ఊరి సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోండి. వయసుకు మించి పొడుగున్న పిల్లలుంటే వయసు తెలిపే కాగితం ఫొటో ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి.

టికెట్ గేట్ల దగ్గర తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. రెక్కల్లాంటి తలుపులు టపీమని మూసుకుంటాయి. టికెట్ అక్కర్లేని పిల్లను మీ ముందు, ఒంటికి ఆనించుకుని ఒకేసారి దాటించండి. వెనక నడిపిస్తే గేటు మీకూ పిల్లకూ మధ్య మూసుకుంటుంది. వెడల్పు గేటు ఉంటే సగం దిగులు ఉండదు.

ఆఫీసు వేళల్లో వెళ్లక తప్పదు. ఏం చేయాలి?

అరగంట ముందు బయల్దేరండి. అది కుదరదంటే, బండి వచ్చే వైపుకు ఒకటి రెండు స్టాపులు వెనక్కి వెళ్లి బండి ఖాళీగా ఉన్నచోట ఎక్కడం కొందరు చేసే పని, ఓపికుంటే బాగానే పనిచేస్తుంది. రైల్లో మెట్లకు దగ్గరగా ఆగే బోగీలే ఎక్కువ నిండుతాయి, ప్లాట్‌ఫారం చివరి దాకా నడిస్తే చోటు దొరకవచ్చు.

కిక్కిరిసిన బండి వస్తే వదిలేయండి. జనం మధ్య మూడడుగుల పిల్లకు కనబడేవి నడుములు, సంచులే, ముఖానికి గాలి తగలదు. అలాంటి బండిలో పిల్లను కింద నిలబెట్టకండి, ఎత్తుకోండి.

సీటు ఇమ్మని అడగాలంటే మొహమాటం. ఎలా?

ఎవరికీ వినబడనట్టు గొణిగితే ఎవరూ లేవరు. గాల్లోకి కాకుండా ఒక మనిషిని చూసి, "కొంచెం సీటిస్తారా అండీ, పాపను ఎత్తుకుని నిలబడలేకపోతున్నాను" అనండి. సూటిగా అడిగితే చాలామంది లేస్తారు, కాదనేవాళ్లు అరుదు. ఒకాయన కాదంటే పక్కాయన్ని అడగండి. లేవనివాళ్లకు బయటికి కనబడని నొప్పి ఏదైనా ఉండొచ్చు, తగువు పెట్టుకోకండి.

బస్సెక్కితే చాలు పిల్లకు కడుపులో తిప్పుతుంది. ఏం చేయాలి?

లోపలి చెవి బండి కదులుతోందని చెబుతుంటే, కళ్లు బొమ్మల పుస్తకం మీదో ఫోన్ మీదో ఉండి ఏమీ కదలట్లేదని చెబుతాయి. ఆ తేడాతో వికారం పుడుతుంది. రెండేళ్ల లోపు పిల్లల్లో ఇది అరుదు, ఆ తర్వాత మొదలై పన్నెండేళ్ల దాకా ఎక్కువ, పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గుతుంది. కాబట్టి మొదటి మందు ఫోన్ లాగేసుకోవడం. ముందుకు చూసే సీట్లో, తల సీటుకు ఆనించి, దూరంగా కనబడేవాటిని చూడమనండి. కిటికీ తెరిచి గాలి తగలనివ్వండి. బయల్దేరే ముందు కడుపునిండా పెట్టకూడదు, ఖాళీ కడుపుతోనూ తీసుకెళ్లకూడదు, తేలిగ్గా కొంచెం పెట్టండి.

పిల్ల ఆవులించడం, ఉన్నట్టుండి మాట మానేయడం, ముఖం పాలిపోవడం, చెమట పట్టడం కనబడితే మీకు మిగిలింది కొద్ది నిమిషాలే. కవరు నోటి దగ్గర పెట్టండి, తర్వాతి స్టాపులో దిగి కాసేపు నిలబడండి. చిల్లుల్లేని కవర్లు రెండు, ఒక జత బట్టలు, తడిగుడ్డ మీ సంచి అడుగున కాకుండా పై అరలో ఉండాలి. వికారం తగ్గించే మాత్రలు డాక్టర్ని అడగకుండా చిన్నపిల్లలకు వేయకండి. కొన్ని మరీ మత్తుగా చేస్తాయి, రెండేళ్ల లోపువాళ్లకు అసలు తగవు.

బండిలో పేచీ పెడితే?

మీకు సిగ్గుగా ఉంటుంది, నిజమే. కానీ తోటి ప్రయాణికుల్లో సగం మంది పిల్లల్ని పెంచినవాళ్లే, మిగతా సగం ఇయర్‌ఫోన్‌లలో ఉన్నారు. పేచీకి కారణం ఆకలో, నిద్రో, ఉక్కో, చెప్పు బిగుతుగా ఉండటమో అయ్యుంటుంది. ముందు అవి చూడండి. ఏమీ పనిచేయకపోతే దిగి, ఒక స్టాపు దూరం నడిచి, తర్వాతి బండి ఎక్కండి. బెదిరించాలని "నిన్నిక్కడే వదిలేసి పోతా" అని మాత్రం అనొద్దు. తప్పిపోతే కదలకుండా నిలబడాలని ఇదే పిల్లకు మీరు నేర్పాలి. వదిలేస్తానన్న మనిషి తిరిగొస్తుందని అది ఎలా నమ్ముతుంది?

ఫోన్ ఇవ్వకుండా ఎలా ఆడించాలి?

కిటికీ ఉంది కదా. ఎర్ర బళ్లు లెక్కపెట్టమనండి, తర్వాతి స్టాపు పేరు ముందే చెప్పమనండి, స్టేషన్లో వినబడే గొంతును అనుకరించమనండి. నాలుగేళ్ల పిల్లకు గోడ మీది రూటు మ్యాపు చూపించి "మనం ఇక్కడున్నాం, ఇంకో మూడు చుక్కలు దాటితే దిగుతాం" అంటే, ప్రతి స్టేషన్‌కూ ఒక వేలు ముడుస్తూ కూర్చుంటుంది. "ఇంకెంతసేపు" అన్న ప్రశ్న కూడా ఆగుతుంది. సొరంగంలో వెళ్లే మెట్రో అయితే చూడటానికేమీ ఉండదు, అక్కడ కథ చెప్పాల్సిందే. అల్లరి మరీ మితిమీరితే ఫోన్ ఇచ్చేయండి, కొంపలేమీ మునగవు. వాంతుల పిల్లకు మాత్రం వద్దు.

అత్యవసరంగా టాయిలెట్ అంటే?

బయల్దేరే ముందు వద్దన్నా ఒకసారి కూర్చోబెట్టండి. దారిలో ఏ స్టేషన్లలో టాయిలెట్ ఉందో ముందే తెలుసుకోండి. అలవాటు ఇంకా కుదురుకోని పిల్లలకు దూర ప్రయాణాల్లో డైపరు వేస్తే అలవాటు చెడిపోదు. డైపర్ మార్చడానికి కదిలే బండి సీటు సరైన చోటు కాదు, దిగి మార్చండి.

పాలివ్వడం?

కూర్చోగలిగితే కిటికీ సీట్లో ఇవ్వండి. ఎవరో చూస్తారని బిడ్డను ఏడిపించనక్కర్లేదు. సీసా పాలయితే కలిపినవి బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. అందుకని వేడినీళ్లు, పొడి విడివిడిగా తీసుకెళ్లి, అప్పటికప్పుడు కలిపి, చల్లార్చి పట్టండి. కలిపేది కూడా స్టేషన్ బల్ల మీదే, కదిలే బండిలో వేడినీళ్ల ఫ్లాస్కు తెరవొద్దు.

కమ్మీలన్నీ ముట్టుకుని వేళ్లు నోట్లో పెట్టుకుంటుంది...

పెట్టుకుంటుంది, పూర్తిగా ఆపలేం. దిగాక సబ్బుతో చేతులు కడిగించడమే అసలు పని, నీళ్లు దొరకనప్పుడే శానిటైజర్. అది రాసి, చేతులు ఆరేదాకా నోట్లో పెట్టనివ్వకండి. బండిలో ఉన్నంతసేపు తినడానికేమీ ఇవ్వకపోతే చెయ్యి నోటి దాకా వెళ్లడం కొంత తగ్గుతుంది. గొంతులో అడ్డం పడే భయం కూడా ఉండదు, కుదుపుల్లో గట్టి గింజలు, బిళ్లలు ఎలాగూ వద్దు.

ఒక్కదాన్ని, ఇద్దరు పిల్లలు. ఎలా?

చిన్నది క్యారియర్‌లో, పెద్దది చేతిలో. రెండో చెయ్యి కమ్మీకి. సామాను వీపు సంచిలో, చేతిలో ఏమీ వద్దు. టికెట్టో కార్డో ముందే తీసి అందే జేబులో పెట్టుకోండి. తలుపు దగ్గర పర్సు వెతుక్కునే ఆ కొద్ది క్షణాల్లోనే పెద్దది చెయ్యి విడిపించుకుంటుంది. పెద్దదానికి ఒక పని అప్పజెప్పండి. కార్డు గేటుకు తాకించడమో, దిగే స్టాపు వచ్చిందని చెప్పడమో. పని ఉన్న పిల్ల పరిగెత్తదు.

నేను దిగాక తలుపులు మూసుకుని పిల్ల లోపలే ఉండిపోతే?

ప్రతి తల్లికీ పీడకల ఇదే, కాబట్టి వివరంగా చెబుతాను.

ముందు మీరు చేయాల్సింది. కదిలే రైలు వెంట పరిగెత్తకండి, తలుపులు గుంజకండి. ప్లాట్‌ఫారం మీది సిబ్బందికో, అత్యవసర ఫోన్‌లోనో మూడు సంగతులు చెప్పండి. రైలు ఎటు వెళ్తోంది, పిల్ల ఎన్నో బోగీలో ఉంది, ఏం తొడుక్కుంది. వాళ్లు తర్వాతి స్టేషన్‌కు కబురు చేస్తారు. మీరు తర్వాతి రైలెక్కి ఆ స్టేషన్‌కు వెళ్లండి. తారుమారైతే, అంటే మీరు లోపల, పిల్ల ప్లాట్‌ఫారం మీద అయితే, తలుపు పక్కనుండే మాట్లాడే బొత్తాం నొక్కి డ్రైవరుకు చెప్పండి, తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి రండి.

పిల్లకు నేర్పాల్సినవి రెండే. "నువ్వు బయటుంటే, ఉన్నచోటే నిలబడు, నేను వస్తాను." "నువ్వు లోపలుంటే, తర్వాతి స్టేషన్లో దిగి అక్కడే నిలబడు, నేను వస్తాను." ఒకరు ముందుకు, ఒకరు వెనక్కి ఒకేసారి వెతుక్కుంటూ పోతే గంటలు పడుతుంది, ఒకరు కదలకుండా ఉంటేనే కలుస్తారు. నాలుగైదేళ్ల పిల్లలకు ఇది ఇంట్లోనే కుర్చీలు వరసగా పెట్టి రైలాటలా ఆడిస్తే వస్తుంది. అంతకంటే చిన్నవాళ్లకు రాదు. వాళ్ల విషయంలో చెయ్యి వదలకపోవడం ఒక్కటే మార్గం.

సాయం అడగాల్సింది యూనిఫాం వేసుకున్నవాళ్లను, వాళ్లు కనబడకపోతే పిల్లలతో ఉన్న అమ్మను అని చెప్పండి. మీ పూర్తి పేరు, ఫోన్ నంబరు పాటలా కంఠతా పట్టించండి. "అమ్మ పేరేంటి" అంటే "అమ్మ" అని చెప్పే వయసులో నంబరు రాసిన కాగితం లోపలి జేబులో పెట్టండి. సంచి మీద పైకి కనబడేలా పిల్ల పేరు రాయకండి, పేరు పెట్టి పిలిచే కొత్తవాళ్లను పిల్లలు ఇట్టే నమ్ముతారు. బయల్దేరే ముందు పిల్లకు ఫోన్‌లో ఒక ఫొటో తీయండి. ఏ రంగు చొక్కా వేశానో కంగారులో గుర్తు రాదు.

బస్సు దిగాక రోడ్డు ఎప్పుడు దాటాలి?

బస్సు వెళ్లిపోయాక. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి దాటితే పక్కనుంచి వచ్చే బండికి మీరు కనబడరు, మీకూ అది కనబడదు. పెద్ద బస్సు ముందు మూతికి ఆనుకుని నడిచే చిన్నపిల్ల ఒక్కోసారి ఆ డ్రైవరుకే కనబడదు. దిగగానే పిల్లతో సహా రోడ్డుకు దూరంగా జరిగి నిలబడండి. కింద పడిన బంతో టోపీయో తీయడానికి బస్సు కిందికి వంగనివ్వకండి.

పిల్ల నిద్రపోయింది, దిగే స్టాపు దగ్గరపడింది...

రెండు స్టాపుల ముందే లేపడం మొదలుపెట్టండి. నిద్రమత్తులో మెట్లు దింపడం కన్నా ఎత్తుకుని దిగడం నయం. చేతిలో సామానుంటే ముందే వీపుకు వేసుకుని సిద్ధంగా ఉండండి.

ఏ వయసులో ఒంటరిగా పంపవచ్చు?

బండెక్కడం పిల్లలు త్వరగానే నేర్చుకుంటారు. రోడ్డు దాటడం అంత త్వరగా రాదు. వచ్చే బండి ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా వస్తోంది అన్న రెండు లెక్కలూ కలిపి చూడటం చిన్న తరగతుల పిల్లలకు ఇంకా చేతకాదు. అందుకని స్టాపు రోడ్డుకు అవతల ఉందా, ఇవతలా అన్నది వయసుతో సమానంగా చూసుకోవాల్సిన సంగతి. ముందు మీరు పక్కన కూర్చుని, ఎక్కడం నుంచి దిగడం దాకా అంతా పిల్లతోనే చేయించండి. తర్వాత అదే బండిలో నాలుగు వరసలు వెనక కూర్చోండి. ఆ తర్వాత ఎక్కించి, అవతలి స్టాపులో ఇంకొకరు ఎదురుచూడాలి. మధ్యలో దారి మళ్లింపో, బండి చెడిపోవడమో జరిగితే ఏం చేస్తావని అడిగి చూడండి. జవాబు తడబడితే ఇంకొన్నాళ్లు ఆగండి. మీ ఊళ్లో ఒంటరి ప్రయాణానికి కనీస వయసు నిబంధన ఉందేమో కూడా చూసుకోండి.

పిల్ల బొమ్మ బస్సులో మర్చిపోయాం. దొరుకుతుందా?

త్వరగా చెబితే దొరికే అవకాశముంది. రూటు నంబరు, ఎక్కిన టైము, ఏ వైపు సీటు, టికెట్ మీద ఉండే బస్సు నంబరు, ఇవి ఉంటే డిపోలో వెతకడం వాళ్లకు తేలిక. ఇల్లు చేరేదాకా టికెట్ పారేయకండి. "రేపు తెచ్చేస్తాం" అని పిల్లకు మాటివ్వకండి, "అడిగాం, వెతుకుతున్నారు" అనండి.